చుక్క పెట్టని చీవరం

"అక్కా, శవాన్ని ముట్టుకోకు. చస్తావు."

నాగిలుడు ఆ మాట నా మీద ప్రేమతో అనలేదు. గది గుమ్మానికి అడ్డంగా నిలబడి, నాకు బాగా కనిపించేలా కుడిచెయ్యి ద్వారబంధానికి ఆనించాడు. ఆ చేతికి ముద్ర ఉంగరం ఉంది. పాటలీపుత్రంలో నేరాలు విచారించి శిక్ష వేసే ప్రదేష్ట పెట్టుకునే ఉంగరం అది. మొన్న ఫాల్గుణం దాకా అది నాకే వస్తుందని ఊరంతా అనుకుంది. నేనైతే వేలి కొలత కూడా చూసుకున్నాను. శవాన్ని ఎలా చూడాలో, సాక్షి నోట నిజం ఎలా రప్పించాలో వీడికి నేర్పింది నేను. ఇప్పుడు వీడు పల్లకీలో వస్తాడు, బోడితల సన్యాసినిని నేను నడిచొస్తాను. ఆ ఉంగరం కంటపడినప్పుడల్లా నా కడుపు భగ్గున మండుతుంది. దాచుకోవడమెందుకు!

"చస్తే నీకు పీడ విరగడవుతుంది కదా నాయనా. అడ్డం లే" అన్నాను.

"విచారణ ముగిసింది. తీర్పు చెప్పేశాను. భోజనాల గంట కొట్టగానే ఆవిణ్ణి గంగ ఒడ్డుకి తీసుకుపోతాం. పడవ సిద్ధంగా ఉంది. మళ్లీ నువ్వెందుకొచ్చావు?"

"నగరాధికారి పంపాడు. ఆడమనిషి ప్రాణం తీసేముందు ఇంకో ఆడమనిషి కూడా ఓసారి చూడాలన్నాడు. నచ్చకపోతే వెళ్లి ఆయనతో పోట్లాడు."

వాడి మొహం ముడుచుకుపోయింది. ఆ పూటకి నాకది చాలు.

జరిగింది ఇది. మామిడితోపు విహారంలో పుణ్ణకుడనే కుర్ర భిక్షువు తెల్లారేసరికి తన గదిలో చచ్చి పడున్నాడు. ఒంటి మీద సరికొత్త చీవరం. వానాకాలపు వ్రతం ముగిశాక గృహస్థులు భిక్షువులకు కొత్త బట్ట ఇస్తారు కదా, ఆ బట్టని ఈ ఏడు బాహిల శెట్టి రెండో భార్య సిరిక తన చేత్తో నేసి నిన్న పొద్దున తెచ్చి ఇచ్చింది. భిక్షువులు దాన్ని ముక్కలుగా కోసి, కుట్టి, రంగు వేసి పొద్దుగూకేసరికి చీవరం చేశారు. దాన్ని కట్టుకున్నవాడు పోయాడు కనక బట్టలోనే విషం ఉంది, చెమటతో కలిసి ఒంటికెక్కింది, నేసినదే పెట్టింది అని నాగిలుడి లెక్క. విషం పెట్టిన ఆడదాన్ని నీళ్లలో ముంచి చంపాలని శాసనం. ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్ల, ముంగిట్లో స్తంభానికి కట్టేసి ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"విషమని రుజువేది?"

"అడుగుతావని తెలుసు" అని నవ్వాడు. ముంగిట్లో కుంపటి రగిలించి పెట్టాడు. పట్టకారుతో ఒక కాషాయపు పీలిక ఎత్తాడు. "చీవరం కుట్టగా మిగిలి, దాంతోపాటే రంగులో పడ్డ ముక్క. చూడు."

నిప్పులో పడగానే పీలిక చిటపటలాడింది. చుట్టూ చేరిన జనం అమ్మో అని వెనక్కి జరిగారు.

"విషం తగిలింది నిప్పులో పడితే చిటపటమంటుంది. ఇది నువ్వు చెప్పిన పాఠమే అక్కా."

"నాదే. సగం విని లేచిపోయే శిష్యుడివని తెలియక చెప్పాను."

రంగు గాబు పక్కన వడపోత గుడ్డ ఒకటి ఆరేసి ఉంది. పాతది, చిల్లులు పడింది. చించి ఒక ముక్క కుంపట్లో వేశాను. అదీ చిటపటలాడింది, ఇంకాస్త గట్టిగానే. విహారానికి పెద్ద అయిన దేవల స్థవిరుడు అరుగు మీద నిలబడి చూస్తున్నాడు.

"భంతే, ఈ రంగులో ఏం కలుపుతారు?"

"చెట్టు బెరడు, పటిక, ఉప్పు. అవి లేకపోతే రంగు నిలవదు తల్లీ."

"విన్నావా నాగిలా? ఉప్పుని కూడా గంగలో ముంచుతావా?"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. "ఉప్పు చిటపటలాడితే విషం లేదని తేలిందా?"

"తేలలేదు. ఉందనీ తేలలేదు. చీవరం ఎత్తి చూశావా?"

"విషపు బట్టని ఎవడు ముట్టుకుంటాడు? నా భటులకు పెళ్లాం బిడ్డలున్నారు."

నాకు లేరు. వాణ్ణి భుజంతో పక్కకి నెట్టి లోపలికి పోయాను. నిజం చెప్పాలంటే నాకూ భయమే. కానీ గుమ్మంలో వాడు చూస్తున్నాడు. వాడు ముట్టుకోలేనిది నేను ముట్టుకోవాలి అన్న కుళ్లుతోనే చెయ్యి చాచాను. ఒట్టి చేత్తో బట్ట పట్టుకున్నాను.

చిన్న గది. చెక్క మంచం, భిక్షాపాత్ర, సూది, నీళ్లు వడకట్టే గుడ్డ, బట్టలు ఆరేసుకునే దండెం. పుణ్ణకుడు వెల్లకిలా ఉన్నాడు. చీవరం రెండు భుజాలూ కప్పి గడ్డం దాకా చుట్టి ఉంది. అక్కడే నాకు మొదటి ముల్లు గుచ్చుకుంది. భిక్షువులు ఊళ్లోకి భిక్షకు వచ్చినప్పుడు మాత్రమే అలా మెడదాకా కప్పుకుంటారు. విహారంలో ఉన్నంతసేపూ కుడి భుజం వదిలేస్తారు. తన గదిలో, తన మంచం మీద, ఈ కుర్రాడు భిక్షకు వెళ్లేవాడిలా ఎందుకు చుట్టుకున్నాడు?

అంచు కిందికి లాగాను. మెడ చుట్టూ నల్లగా కమిలిన చార ఉంది.

"నాగిలా, రా. ఇది విషమా?"

వాడు రెండడుగులు వేసి చూశాడు.

"గొంతు బిగించి చంపారు. చార కనపడకుండా బట్ట చుట్టారు. విషం అన్న మాట పుట్టిస్తే ఎవరూ ఆ బట్ట ముట్టుకోరు, దహనం దాకా గుట్టు దాగుతుంది. నువ్వు వాడికి కావలసినట్టే నడుచుకున్నావు."

చీవరం నాలుగు మూలలూ తిప్పి తిప్పి చూశాను. స్థవిరుణ్ణి లోపలికి పిలిచాను. "భంతే, మీ చీవరం మూల ఓసారి చూపించండి."

ఆయన చూపించాడు. మూలలో చిన్న బురద చుక్క ఉంది. పక్కన నిలబడ్డ భిక్షువు చీవరానికీ ఉంది.

"మరి దీనికి లేదే?"

ఆయన వంగి నాలుగు మూలలూ చూశాడు. ముసలి మొహం మారిపోయింది. "కొత్త బట్టకి చుక్క పెట్టి మచ్చ చేస్తేనే గాని ఒంటి మీద వేసుకోం. కొత్తదన్న మోజు పోవాలని మాకు నియమం. ఈ పిల్లాడు నియమాల్లో నిప్పు. చుక్క లేకుండా చస్తే కట్టుకోడు."

"కట్టుకోలేదు భంతే. చచ్చాకే కట్టారు. చుక్క సంగతి ఇక్కడ తెలియని భిక్షువు ఎవరైనా ఉన్నారా?"

"నిద్రలో లేపి అడిగినా చెబుతారు."

"అయితే దీన్ని కట్టినవాడు భిక్షువు కాదు. మరి ఇతని పాత చీవరం ఏదీ?"

గదంతా వెతికాం. లేదు.

నాగిలుడు గొంతు సవరించుకున్నాడు. "అయితే ఆ పిల్లే మనిషిని పెట్టి చంపించింది. వీడితో ఏదో నడిచింది, బెడిసింది. దాని మొగుడే సాక్ష్యం చెప్పాడు. అక్కా, నేను తీర్పు చెప్పి ముద్ర వేశాను. తిప్పాలంటే హంతకుణ్ణి చూపించు. గంట కొట్టేలోగా చూపించలేకపోతే పడవ కదులుతుంది."

"తప్పని తెలిసి కూడానా?"

"నువ్వు చెబితే తప్పయిపోతుందా? ఈ ఉంగరం నా చేతికి వచ్చిన రోజు నుంచీ నువ్వు కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నావని ఊరంతా తెలుసు."

నిజమే. అందుకే ఇంకా మండింది.

ముంగిట్లోకి వచ్చాం. ముందు సిరిక దగ్గర కూచున్నాను. "నిన్న రాత్రి ఎక్కడున్నావమ్మా?"

"ఇంట్లోనే. నా గదిలో. దాసి గుమ్మంలోనే పడుకుంది."

"మీ ఆయన?"

"నిన్న అక్క వంతు. అక్క దగ్గరున్నారు." ఆ మాట అంటున్నప్పుడు అంత ఏడుపులోనూ మూతి బిగించింది. చావుకి ముందు కూడా సవతి వంతు సవతి వంతే కాబోలు.

"పుణ్ణకుడు నీకు ఎలా తెలుసు?"

"భిక్షకు వస్తే అందరితోపాటు ఒక గరిట అన్నం వేస్తాను. వాళ్లు తలెత్తి చూడరు, నేను పేరడగలేదు. ఇవాళ కట్టేసినప్పుడే పేరు విన్నాను."

అరుగు చివర బాహిల శెట్టి కంబళి కప్పుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. యాభై దాటిన మనిషి, నగల వ్యాపారం. పక్కన పెద్ద భార్య రోహిణి నిటారుగా కూచుంది, వెనకాల పేటలోని ఆడవాళ్లంతా ఉన్నారు. నాగిలుడు నా చెవిలో, "చూడు పాపం. నవ్వే ఆడదాన్ని నమ్మితే ఇంతే" అన్నాడు.

"సామెత సగమే వచ్చా నీకు? ఏడ్చే మగవాణ్ణి కూడా నమ్మొద్దన్నారు" అని శెట్టి ఎదట కూచున్నాను. "శెట్టిగారూ, మీరు చూసిందేమిటో నాకూ చెప్పండి."

"ఏం చెప్పమంటావమ్మా, నా ఖర్మ! నిన్న దీపాలు పెట్టే వేళ వాడు మా వాకిట్లోకొచ్చాడు. అదిగో, ఆ కొత్త చీవరం కట్టుకునే. నా పెళ్లానికి చూపించుకోడానికొచ్చాడు. ఈ కళ్లతో చూశాను."

"ఎలా కట్టుకున్నాడు?"

"ఎలా ఏముంది? రోజూ కట్టుకున్నట్టే. మెడదాకా, రెండు భుజాలూ కప్పి."

"ఆ చీవరమేనని ఖాయమా?"

"దాని నేత నాకు తెలీదా? నెల రోజులు తలుపేసుకుని నేసింది. వాడి కోసం!"

"మీరెప్పుడైనా ఈ విహారానికి వచ్చారా?"

"నేను మణిభద్ర యక్షుణ్ణి కొలిచేవాణ్ణి. ఈ బోడిగుండ్ల గడప తొక్కను." అని నా గుండు చూసి, "నిన్ను కాదులేమ్మా" అన్నాడు.

"అనుకోండి, ఫరవాలేదు. కానీ శెట్టిగారూ, చుక్క పెట్టందే భిక్షువు కొత్త చీవరం కట్టడు. ఆ చీవరానికి చుక్క లేదు. అంటే పుణ్ణకుడు బతికుండగా దాన్ని ఒంటి మీద వేసుకోలేదు. మరి మీ వాకిట్లో దాన్ని కట్టుకుని నిలబడింది ఎవరు?"

ఏడుపు ఆగిపోయింది. కంబళి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "సందె చీకటి... ఇంకెవడో అయ్యుంటాడు. అందరూ ఒకేలా ఉంటారు. అయినా నన్నెందుకు తవ్వుతావు? రాత్రంతా నేను రోహిణి దగ్గరున్నాను. అడుగు."

అందరూ రోహిణి వైపు చూశారు. ఆవిడ వెనకున్న ఆడవాళ్ల వైపు ఓసారి చూసి తలెత్తింది.

"ఉన్నారు. నిన్న నా వంతు. నా వంతు రాత్రి ఆయన ఇంకెక్కడికి పోతారు?"

"సరిపోయిందా అక్కా?" అన్నాడు నాగిలుడు. "విప్పండ్రా దాన్ని. పడవ దగ్గరికి నడిపించండి."

శెట్టి అబద్ధం ఆడాడని నాకు తెలుసు. కానీ రాత్రంతా పెళ్లాం గదిలో ఉన్నవాడు విహారానికి వచ్చి గొంతు ఎలా బిగిస్తాడు? భటులు సిరికని లాక్కెళ్తున్నారు. అరుగు పక్కకి రాగానే ఆ పిల్ల ఒక్క ఉదుటున రోహిణి కాళ్ల మీద పడింది.

"అక్కా, నువ్వైనా చెప్పక్కా! నేనే పాపం ఎరగను!"

రోహిణి కాళ్లు వెనక్కి లాక్కుంది. "ముట్టుకోకే! వంతుల దొంగా! నాకున్న నాలుగు రాత్రులూ నువ్వే మింగి..."

చటుక్కున నాలుక కరుచుకుంది. నేను అప్పటికే విన్నాను.

"ఆగండి" అని భటుల మీద అరిచి, రోహిణి చెయ్యి పట్టుకుని రంగు గాబు వెనక్కి తీసుకుపోయాను. నాగిలుడు అడ్డం రాలేదు. ఎందుకో పుణ్ణకుడి గది వైపు వెళ్లాడు.

"అమ్మా రోహిణీ, రాత్రి ఆయన నీ దగ్గరుంటే ఆ పిల్ల నీ వంతు దొంగ ఎలా అయింది?"

ఆవిడ గాబు అంచుని గోటితో గీకింది.

"రాలేదు కదూ?"

"రాలేదు. శ్రావణం నుంచీ రాలేదు. నా వంతు రాత్రి దీపం పెట్టుకుని కూచుంటాను. తెల్లారి పక్క మీద రెండో దిండు నేనే నలుపుతాను, దాసీలు చూస్తారని. ఆయన దాని గదిలో ఉంటారు. అది నా ముందు ఏమీ ఎరగనట్టు తిరుగుతుంది, నంగనాచి!"

"ఆ పిల్ల గదిలోనూ లేడు. నీ వంతు అని దాసిని గుమ్మంలో పడుకోబెట్టుకుని ఒంటరిగా ఉంది. ఆయన నీ దగ్గరున్నాడని అదీ ఏడుస్తోంది."

రోహిణి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "మరి ఆయన ఎక్కడున్నట్టు?"

"నువ్వే ఆలోచించు. నీ వంతు రాత్రుల్లోనే సిరిక ఒంటరిగా ఉండేది. ఆ రాత్రుల్లోనే అది ఈ కుర్రాడి దగ్గరికి పోతుందని ఆయన అనుమానం. ఈ విహారం గోడ దగ్గర కాపు కాసేవాడు. నిన్న ఆ కొత్త బట్ట ఇక్కడికి చేరేసరికి ఇక ఓర్చుకోలేకపోయాడు."

"అంటే నా రాత్రులు... అవి కూడా దాని కోసమే..." అని ఆగిపోయింది. అయ్యో, ఇలా చెప్పానేమిటని నాకే అనిపించింది. ఆవిడ కళ్లల్లో మంట తగ్గలేదు, రెట్టింపయింది.

"విను. నువ్వు నోరు మూసుకుంటే గంట కొడతారు, సవతి పోతుంది, మొగుడు మిగులుతాడు, పేటలో నీ పరువూ మిగులుతుంది. నోరు విప్పితే మొగుడూ పోతాడు, పరువూ పోతుంది. నీకు చెప్పమనే హక్కు నాకు లేదు. ఆ ఉంగరం పెట్టుకుని తిరుగుతున్నాడే, వాడు కాలు జారి గంగలో పడితే బావుణ్ణని ఇవాళ పొద్దున్న కూడా అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గు లేదు. కానీ వాడు నిజంగా పడితే మాత్రం చూస్తూ కూచోలేను."

ఆవిడ ముసుగు సర్దుకుని నడిచింది. వెళ్లి ఇందాకటి చోటే కూచుంటుందనుకున్నాను. కూచోలేదు. ముంగిలి మధ్యకి వచ్చి, పేట ఆడవాళ్లందరికీ వినపడేలా అంది:

"నిన్న నా వంతు. ఆయన రాలేదు. శ్రావణం నుంచీ ఒక్క రాత్రి కూడా రాలేదు. వస్తున్నారని మీ అందరికీ అబద్ధం చెప్పాను."

ఎవరూ గుసగుసలాడలేదు. గుసగుసలాడినా బాగుండేది.

"అబద్ధం!" అని శెట్టి లేచాడు. "ఒరే, ఈ ముండకి సవతి మచ్చరంతో మతి పోయింది!"

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఆయన కంబళి లాగేసింది. ఉంగరం ఉన్న చెయ్యి. శెట్టి రెండు ముంజేతుల నిండా ఎర్రటి గీతలు, పచ్చి ఆరనివి.

"శవం గోళ్లలో చర్మం ఉందక్కా" అన్నాడు నాగిలుడు. "ఇప్పుడే చూసొచ్చాను."

శవం గోళ్లు ముందు చూడాలని వీడికి నేర్పింది నేను. ఇవాళ మెడ చూసి, మూలలు చూసి, గోళ్లు మరిచిపోయింది నేను. రేపు ఊళ్లో ఎవరి పేరు మోగుతుందో చెప్పనక్కర్లేదు. పళ్లు కొరికాను. కానీ వాడు ఆ ఉంగరం చేత్తోనే సిరిక కట్లు విప్పమని సైగ చేశాడు, అది మాత్రం ఒప్పుకోవాలి.

"పాత చీవరం ఏం చేశారు శెట్టిగారూ?" అన్నాను.

శెట్టి నన్ను చూడలేదు. సిరికనే చూశాడు. "రక్తం కక్కాడు దాని మీద. గంగలో పారేశాను. నెల రోజులు నేసింది! పెళ్లయి మూడేళ్లయింది, నాకు ఒక్క ఉత్తరీయం నేసిందా? వాడికి చీవరం! బతికుండగా కట్టుకోనివ్వననుకున్నాను. అంత ముద్దయితే దాని చేతి బట్టతోనే పోనీ అని చుట్టాను. దాని బట్ట వల్లే దాని ప్రాణమూ పోనీ అనుకున్నాను."

"నాయనా" అన్నాడు దేవల స్థవిరుడు. "ఈమె బట్ట ఇచ్చింది సంఘానికి. ఎవరికి చెందాలో దాత చెప్పదు, చెప్పకూడదు. అందరిలోకీ చిరిగిన చీవరం ఎవరిదని చూశాను. పుణ్ణకుడిది. వాడికిమ్మన్నది నేను. నిన్న సాయంత్రం దాకా అది ఎవరికి పోతుందో ఈ పిల్లకీ తెలీదు, వాడికీ తెలీదు."

శెట్టి భటులు రెక్కలు పట్టుకుంటే పెనుగులాడకుండా వెళ్లాడు, గుమ్మం దాకా సిరిక వైపే తల తిప్పి చూస్తూ. ఆ చూపు ఒక్కసారి కూడా రోహిణి మీద వాలలేదు. అది నేను చూశాను, రోహిణీ చూసింది.

సిరిక తాడు కోసుకుపోయిన మణికట్లు పట్టుకుని లేచి, తడబడుతూ వెళ్లి మళ్లీ ఆవిడ కాళ్లు అందుకోబోయింది. "అక్కా, నన్ను బతికించావక్కా..."

రోహిణి పక్కకి తప్పుకుంది.

"నీ మీద జాలితో చెప్పాననుకోకే. నువ్వు చస్తే ఆయన బతికినన్నాళ్లూ నిన్నే తలుచుకుని ఏడుస్తారు. బతికున్న సవతితో ఎలాగో పోట్లాడాను. చచ్చిన సవతితో వేగడం నా వల్ల కాదు."